సెల్లార్ పనికి స్కిడ్ స్టీర్ లోడర్ ఎంపిక: ఒక సైట్ కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్ పడమటి శివారులో ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు. కింద రెండు సెల్లార్లు, వాటిమీద పోడియం (టవర్లన్నిటికీ అడుగున ఉండే ఉమ్మడి అంతస్తు), ఆపైన టవర్లు. సివిల్ పనులు చేస్తున్నది మధ్యతరహా కాంట్రాక్టర్. సైట్ పేరు, మనుషుల పేర్లు, యంత్రం మోడల్ నంబరు తీసేశాను, కొలతలను కాస్త రౌండ్ చేశాను. కాంట్రాక్టర్లకు యంత్రాల ఎంపికలో, నిర్వహణలో సలహా ఇవ్వడం నా వృత్తి.

ఈ కేసు రాయడానికి కారణం ఉంది. స్కిడ్ స్టీర్ అంటే ముందు బకెట్ ఉండి, చక్రాలను నేలకు రాచి ఉన్నచోటే తిరగగల చిన్న లోడర్. ఇలాంటిది కొనాలనుకునేవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్నలు మూడు: ఏ కంపెనీ, ఎన్ని హెచ్‌పీ, ఎంత ఎత్తుతుంది. ఈ సైట్‌లో ఆ మూడింటికీ జవాబు దొరికాక కూడా నిర్ణయం తేలలేదు. యంత్రం నడవాల్సిన దారి ఎంత బరువు మోయగలదన్న లెక్క వేశాకే తేలింది.

సమస్య

కింది సెల్లార్‌లో మొరం పరిచి లెవెల్ చెయ్యాలి. ఎలక్ట్రికల్ రూములు, పంపు రూములకు గోడలు కట్టాలి కాబట్టి రోబో శాండ్ (రాయిని పొడి చేసిన ఇసుక), ఏఏసీ బ్లాకులు (తేలికపాటి సిమెంటు దిమ్మెలు) లోపలికి చేరాలి. సెంట్రింగ్ విప్పాక మిగిలిన మలబా, అంటే చెత్తాచెదారం, బయటికి రావాలి. సైట్‌లో బ్యాక్‌హో, అంటే అందరూ జేసీబీ అనే బండి, ఒకటి ముందు నుంచీ ఉంది. అది సెల్లార్‌లోకి దిగదు. బీమ్ కింద ఖాళీ 2.4 మీటర్లు, దాని క్యాబిన్ పైకప్పే 3 మీటర్లకు దగ్గర. పైగా ఏడెనిమిది టన్నుల బండి. అందుకని అది ర్యాంప్ పైన మెటీరియల్ కుప్ప పోసేది, అక్కడి నుంచి కూలీలు తట్టలతో మోసేవాళ్లు. రోజంతా మోసినా ఒక బే, అంటే నాలుగు పిల్లర్ల మధ్య గడి, కూడా నిండేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో పని దాదాపు ఆగిపోయేది.

కాంట్రాక్టర్ నన్ను పిలిచేనాటికే ఆయన మనసులో ఒక బండి ఉంది: 70 హెచ్‌పీ పైన, 900 కిలోలు ఎత్తే తరగతి, బకెట్‌ను నిలువుగా ఎత్తే ఆర్మ్స్ (చేతులు) ఉన్నది. "సార్, పెద్దదుంటే చిన్న పని కూడా చేస్తది. చిన్నది తీసుకుంటే రేపు పెద్ద పనికి ఏం చెయ్యాలె?" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. యంత్రం మీద పెట్టే డబ్బు ఒక్క సైట్ కోసం కాదు.

అంతకు ముందు చేసి చూసినవి

నేను వెళ్లేసరికి రెండు ప్రయత్నాలు జరిగాయి. మొదటిది మినీ ట్రాక్టర్, చిన్న ట్రాలీ. ర్యాంప్ దిగింది, కానీ పిల్లర్ల మధ్య ట్రాలీతో సహా తిరగలేకపోయింది. ఒక్కో మలుపుకు ముందుకూ వెనక్కీ తియ్యాల్సి వచ్చేది. ట్రాలీలోకి ఎత్తిపొయ్యడం మళ్లీ కూలీల పనే.

రెండోది, ఆయన కొనాలనుకున్న పెద్ద తరగతి స్కిడ్ స్టీర్‌నే అద్దెకు తెచ్చి చూడటం. కొనేముందు అద్దెకు తెచ్చి చూడటం మంచి పని, అందరూ చెయ్యాలని కోరుకుంటాను. ఆ బండి బకెట్ వెడల్పు 1.8 మీటర్ల పైన. రిటైనింగ్ వాల్‌కూ (బయటి మట్టిని ఆపే గోడ) మొదటి వరుస పిల్లర్లకూ మధ్య ఖాళీ సరిగ్గా 1.75. మొరం ఎక్కువగా పడాల్సింది ఆ పట్టీలోనే, అక్కడికే బండి వెళ్లలేదు. అప్పటికే రెండు పిల్లర్ల అంచులు రాసుకుపోయి ఇనుప కడ్డీలను కప్పే కవర్ కాంక్రీటు చెక్కుకుపోయింది.

వెడల్పు ఒక్కటే సమస్యయితే ఇరుకు బకెట్ వేసుకోవచ్చు. అదే ఆలోచనతో కాంట్రాక్టర్ డీలర్‌ను బకెట్ ధర కూడా అడిగారు. నేను డ్రాయింగ్‌లు తెప్పించుకున్నాక వేరే సంగతి బయటపడింది.

దారి లెక్క

కింది సెల్లార్‌కు నేరుగా దారి లేదు. నేల మీది నుంచి మొదటి ర్యాంప్ పై సెల్లార్‌లోకి దిగుతుంది. అక్కడ కొన్ని బేలు దాటితే రెండో ర్యాంప్. అంటే కింద చేసే ప్రతి ట్రిప్పుకూ బండి పై సెల్లార్ స్లాబ్ మీదుగా పోయి రావాలి. ఆ స్లాబ్ కింద నేల లేదు, గాలే ఉంది. దాన్ని కార్ల పార్కింగ్ కోసం డిజైన్ చేశారు. భవనాల మీద పడే బరువులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం, 2.5 టన్నులు దాటని బండ్ల పార్కింగ్‌కు చదరపు మీటరుకు 2.5 కిలోన్యూటన్ల లోడ్, ఒకే చోట పడే బరువైతే 9 కిలోన్యూటన్లు తీసుకుంటారు. 9 కిలోన్యూటన్లంటే సుమారు 900 కిలోలు.

స్కిడ్ స్టీర్ బరువు నాలుగు చక్రాల మీద సమంగా పడదు. ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 70 శాతం వెనక చక్రాల మీదే ఉంటుంది. బకెట్ నిండేకొద్దీ బరువు ముందుకు జరుగుతుంది. తూలిపోయే బరువు దగ్గర మొత్తం ముందు చక్రాల మీదికి వచ్చి, వెనక చక్రాలు నేల విడుస్తాయి. టైర్లున్న బండి బ్రోచర్‌లో రేటెడ్ ఆపరేటింగ్ కెపాసిటీ అని ఉండేది, అంటే తరగతి పేరులో చెప్పే కిలోలు, ఈ తూలిపోయే బరువులో సగం.

ఈ సూత్రంతో రెండు తరగతులకూ లెక్క వేశాను. 900 కిలోల తరగతి బండి స్వంత బరువు 3.3 టన్నులు అనుకుందాం. ఖాళీ బకెట్‌తో వెళ్తున్నా ఒక్కో వెనక చక్రం కింద 11 కిలోన్యూటన్లు దాటుతుంది. బకెట్‌లో గుప్పెడు ఇసుక లేకుండానే స్లాబ్ పరిమితి దాటేసిందన్నమాట. అదే 600 కిలోల తరగతి, స్వంత బరువు 2.4 టన్నులు. ఖాళీగా ఉంటే వెనక చక్రానికి 8 కిలోన్యూటన్ల పైచిలుకు. పూర్తి 600 కిలోలు నింపితే ముందు చక్రానికి 10 దాటుతుంది. 300 కిలోలే నింపితే ముందు చక్రానికి సుమారు 7, వెనక చక్రానికి 6 పైన. సగం బకెట్‌తో, అంటే కెపాసిటీలో సగం బరువుతో, వెళ్లేటప్పుడు బరువు నాలుగు చక్రాలకూ పంచుకుంటుంది కాబట్టి, స్లాబ్‌కు ఖాళీ బండి కన్నా సగం నిండిన బండే నయం. కాంట్రాక్టర్ ఈ అంకె దగ్గర చాలాసేపు ఆగి, కాగితం మీద మళ్లీ తనే కూడి చూసుకున్నారు.

ఈ లెక్క నేను వేసింది ఏ తరగతి బండిని పరిశీలించవచ్చో తేల్చుకోవడానికి మాత్రమే. స్లాబ్ మీద బండి నడపవచ్చా లేదా అని చెప్పే అధికారం నాకు లేదు. అది స్ట్రక్చరల్ ఇంజినీర్ చెప్పాలి. కదిలే బండి, బ్రేకు వేసే బండి, ఉన్నచోటే తిరిగే బండి ఇచ్చే కుదుపు నిలబడి ఉన్న బరువు కన్నా ఎక్కువ. రెండు చక్రాలూ ఒకే బేలో పడతాయి. స్లాబ్ వయసు, కింద జాకీలు (స్లాబ్‌ను మోసే తాత్కాలిక ఇనుప ఊతలు) ఉన్నాయా లేదా అన్నవి కూడా చూడాలి. నా కాగితం, బండి చక్రాల దూరం, బరువుల పట్టిక ఆ ఇంజినీర్‌కు పంపాం. ఆయన లిఖితపూర్వకంగా ఇచ్చిన షరతులు ఇవి: 2.5 టన్నులు దాటని బండి, స్లాబ్ దాటేటప్పుడు సగం బకెట్, దారి పొడవునా కింద జాకీలు విప్పకుండా ఉంచడం, స్లాబ్ మీద ఉన్నచోటే గిర్రున తిప్పకపోవడం.

ఇక్కడ ఈ యంత్రం పుట్టుక గుర్తుచేసుకోవడం సందర్భమే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, రాత్సే అనే ఊళ్లో కెల్లర్ సోదరులు 1957లో మొదటి బండిని ఒక టర్కీ కోళ్ల రైతు కోసం చేశారు. ఆయన షెడ్డు రెండంతస్తులు. స్తంభాల మధ్య తిరిగేంత చిన్నదిగా, పై అంతస్తు మోసేంత తేలికగా ఉండాలన్నది ఆయన కోరిక. తర్వాత ఆ డిజైనే బాబ్‌కాట్‌గా ఎదిగింది. మన సెల్లార్ అడిగిందీ ఆ రెండే. దీని తేలికదనాన్ని లోపంగా చూసేవాళ్లు ఈ సంగతి గమనించాలని నా కోరిక.

ఎత్తు గురించి

కాంట్రాక్టర్ నిలువుగా ఎత్తే ఆర్మ్స్ కావాలన్నది టిప్పర్ కోసం. రేడియల్ ఆర్మ్స్ చాపంలా లేస్తాయి. మధ్య ఎత్తులో చేయి బాగా ముందుకు వస్తుంది, పైకి వెళ్లేసరికి వెనక్కి తగ్గుతుంది. వర్టికల్ లిఫ్ట్‌లో పూర్తి ఎత్తులో కూడా బకెట్ ముందుకే ఉంటుంది కాబట్టి టిప్పర్ నింపడానికి అది మేలు. కానీ ధరా ఎక్కువే, బరువూ ఎక్కువే.

నేను అడిగింది ఒకటే: టిప్పర్‌ను ఈ బండే ఎందుకు నింపాలి? సెల్లార్ లోపల బీమ్ కింద 2.4 మీటర్లే. ఆర్మ్స్ పూర్తిగా లేపితే ఈ రెండు తరగతుల్లో ఏ స్కిడ్ స్టీర్ అయినా 3 మీటర్లు దాటుతుంది. అంటే లోపల ఎత్తే ప్రశ్నే లేదు. తీసుకుపోయి కింద పొయ్యడం, నేలమీద గీకడం, పరచడం, అంతే. బయట జేసీబీ ఎలాగూ ఉంది. మలబా పైకి తెచ్చి ఒక మూల కుప్ప పోస్తే, టిప్పర్లు వచ్చే రాత్రి వేళకు జేసీబీ నింపేస్తుంది. ఒకే బండి అన్నీ చెయ్యాలన్న షరతు తీసేయగానే రేడియల్ ఆర్మ్స్ ఉన్న చిన్న తరగతి సరిపోయింది.

అటాచ్‌మెంట్ల విషయంలో పెద్దగా చర్చ జరగలేదు. హై ఫ్లో హైడ్రాలిక్స్ (అటాచ్‌మెంట్‌కు ఎక్కువ ఆయిల్ పంపే ఏర్పాటు) కావాలా అని డీలర్ అడిగాడు. రోడ్డు పొర చెక్కే మిల్లింగ్ లాంటి పని లేనప్పుడు వద్దన్నాను. బకెట్, ప్యాలెట్ ఫోర్క్ చాలు.

నడిపించాక ఎదురైన ఇబ్బందులు

600 కిలోల తరగతి, 1.55 మీటర్ల బకెట్ ఉన్న బండిని నెల అద్దెకు తెచ్చాం. ఇరుకు పట్టీలో రెండువైపులా జానెడు లోపు ఖాళీ మిగిలింది. నేరుగా వెళ్లి నేరుగా వెనక్కి రావచ్చు, లోపల తిరగలేదు. మొరం పరిచే పనికి అది చాలు.

మొదట వచ్చిన ఇబ్బంది రోబో శాండ్‌తో. బకెట్ 0.4 ఘనపు మీటర్లు. ఏఏసీ ముక్కలు, థర్మకోల్, చెక్కపేళ్లు కలిసిన మలబా అయితే కుప్పగా నింపినా బండికి చీమ కుట్టినట్టుండదు. తడిసిన రోబో శాండ్ ఘనపు మీటరుకు 1,800 కిలోల దాకా ఉంటుంది, అంటే నిండు బకెట్ 720 కిలోలు. స్లాబ్ షరతు పక్కన పెట్టినా అది బండి కెపాసిటీ కన్నా ఎక్కువే. నేల మీద కుప్ప దగ్గర ఆపరేటర్ నిండుగా ఎత్తి ఒక్కసారి బ్రేకు వెయ్యగానే వెనక చక్రాలు లేచాయి.

ఆపరేటర్ జేసీబీ నడిపి వచ్చినవాడు, చెయ్యి తిరిగినవాడే. కానీ జేసీబీ మీద అలవాటైన కన్ను బకెట్ నిండిందా లేదా అనే చూస్తుంది. కాగితం మీద కిలోలు చెబితే ఉపయోగం లేదని బకెట్‌లో సిమెంటు బస్తాలు పేర్పించాం. ఒక్కో బస్తా 50 కిలోలు. ఆరు బస్తాలు వేశాక, "స్లాబ్ మీద ఇంతే" అన్నాం. పన్నెండు వేశాక, "నేల మీద ఇంతే" అన్నాం. అతను దిగి వచ్చి ఆరు బస్తాలను చేత్తో తట్టి చూసి, "ఇసుక అయితే ఇంకా కిందికే వస్తది కదన్నా" అన్నాడు. నిజమే, తడి ఇసుక 300 కిలోలంటే బకెట్‌లో సగం కూడా రాదు. అతని ఎదుటే ఇసుక తూచి పోసి, ఆ మట్టం దగ్గర బకెట్ లోపలి గోడకు వెల్డింగ్‌తో ఒక గీత పెట్టించాం. పెయింట్ అయితే రెండు రోజుల్లో గీసుకుపోతుంది.

రెండోది ర్యాంప్. స్కిడ్ స్టీర్‌కు బరువైన వైపు ఎప్పుడూ ఎగువకు ఉండాలి. లోడుతో ఎక్కేటప్పుడు ముఖం పైకి, దిగేటప్పుడు రివర్స్‌లో. ఖాళీగా ఉంటే దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఎక్కేటప్పుడు రివర్స్, దిగేటప్పుడు ముఖం కిందికి. జేసీబీ ఆపరేటర్‌కు ఇది వింతగా తోస్తుంది, ఎందుకంటే ఆ బండితో ఎప్పుడూ ముఖం ముందుకే పోవడం అలవాటు. బకెట్ ఎత్తి పెట్టుకుని వెళ్లే అలవాటును కూడా మాన్పించాల్సి వచ్చింది. ఈ చిన్న బండిలో బకెట్ నేలకు జానెడు ఎత్తులో ఉంటేనే నిలకడ. సగం బకెట్ దగ్గర ఏ వైపు బరువన్నది దాదాపు సమానం కాబట్టి, అయోమయం లేకుండా "బకెట్‌లో ఏమున్నా అది లోడే" అని నిర్ణయించాం.

మూడోది టైర్లు, ఇది నాకు బాగా ఆసక్తి కలిగించిన ముడి. సెల్లార్ నేల మీద తెగిన రాడ్ ముక్కలు, మేకులు, బైండింగ్ వైర్ లేని చోటు లేదు. పంక్చర్లు వరసపెట్టాయి. కాంట్రాక్టర్ సాలిడ్ టైర్లు వేయిద్దామన్నారు. వేరే సైట్‌లో అయితే వెంటనే సరేననేవాణ్ని. కానీ ఈ తరగతి బండికి నాలుగు సాలిడ్ టైర్లు రెండు మూడు వందల కిలోలు అదనపు బరువు తెస్తాయి. 2.4 టన్నుల బండి 2.5 దాటిపోతుంది, ఇంజినీర్ షరతు చెల్లదు. టైర్లలో ఫోమ్ నింపినా అదే బరువు సమస్య. అందుకని ఎక్కువ ప్లై రేటింగ్ ఉన్న, అంటే గోడ మరింత గట్టిగా ఉండే, గాలి టైర్లకు మారి, దారిని శుభ్రం చెయ్యడానికి ఒక హెల్పర్‌ను పెట్టాం. పొద్దున్నే దారి ఊడ్చి ఇనుప ముక్కలు ఏరి డ్రమ్ములో వెయ్యడం అతని మొదటి పని. ఆ డ్రమ్ములోని తుక్కు అమ్మితే అతని కూలీలో కొంత భాగం తిరిగి వచ్చేది. టైరు అరుగుదల మాత్రం తగ్గలేదు, తగ్గదు కూడా. ఈ బండి తిరగడమే టైరును నేలకు రాచి తిరుగుతుంది. గరుకు కాంక్రీటు మీద అది తప్పని ఖర్చు, కొనేముందే లెక్కలో రాసుకోవాలి.

పొగ గురించి ఒక మాట. రెండో సెల్లార్‌లో డీజిల్ ఇంజిన్ ఎక్కువసేపు నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, గాలి బయటికి పోయే డక్ట్ పెట్టకుండా బండి దించనివ్వలేదు. పక్కన మేస్త్రీలు గోడ కడుతుంటే ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచడం నిషేధించాం. ఇందులో బేరం లేదు.

పని ఎక్కడ సాఫీ అయింది

మొరం పని అనుకున్నదానికన్నా సులువైంది. 200 నుంచి 250 మిల్లీమీటర్ల పొరలుగా పరచడం, వెనకే ప్లేట్ కాంపాక్టర్‌తో దిమ్మిసా. సగం బకెట్ షరతు వల్ల ట్రిప్పులు పెరిగాయన్నది నిజమే. కానీ గట్టి నేల మీద ఉన్నచోటే తిరగగల ఈ బండి తిరుగు ప్రయాణంలో సమయం వృథా చెయ్యదు. కింది సెల్లార్ నేల గట్టి భూమి మీద ఉంది కాబట్టి, అక్కడికి చేరాక సగం బకెట్ నియమం వర్తించదు. అందువల్ల రెండో ర్యాంప్ అడుగున కుప్ప పోసుకుని, అక్కడి నుంచి దూరపు మూలలకు బండి పూర్తి కెపాసిటీతో మోసేది.

ఏఏసీ బ్లాకులకు ఫోర్క్ బాగా పనికొచ్చింది, కానీ జాగ్రత్తగా. 600 × 200 × 150 బ్లాకు పొడిగా ఉంటే 11 కిలోల దాకా ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి తేమతో వచ్చినా, వానలో తడిసినా చాలా పెరుగుతుంది. పైగా ఫోర్క్ మీద బరువు బకెట్ కన్నా ముందుకు ఉంటుంది కాబట్టి బండి ఎత్తగలిగేదే తగ్గుతుంది. స్లాబ్ మీద ప్యాలెట్‌కు ఇరవై బ్లాకులకు మించనివ్వలేదు.

కొనడమా, అద్దెకా

ఎంపిక తేలినా కొనుగోలు వెంటనే చేయించలేదు. నెలవారీ వాయిదా, ఇన్సూరెన్స్, ఆపరేటర్ జీతం, టైర్లు, సర్వీసు అన్నీ కూడి, గంట అద్దెలో డీజిల్ పోగా మిగిలేదానితో భాగిస్తే, నెలకు 110 గంటలు దాటితేనే సొంత బండి లాభం అని వచ్చింది. ఈ ఒక్క సైట్‌లో అవర్ మీటర్ అంత తిరగడం లేదు. నాలుగు నెలల తర్వాత ఆయనకు మరో సైట్ మొదలైంది. అక్కడ కూడా సెల్లారే. రెండిటినీ కలిపితే గంటలు సరిపోయాయి, అప్పుడు కొన్నారు. ఈ బండి రోడ్డు మీద నడిచి పోయే రకం కాదు, రెండు సైట్ల మధ్య డీసీఎం లారీ ఎక్కించి తీసుకెళ్లాలి. ఆ రవాణా ఖర్చును కూడా 110 గంటల లెక్కలో కలిపాం. సర్వీసు మెకానిక్ ఒక పూటలో రాగలిగే డీలర్ దగ్గరే కొనమన్నాను. హైడ్రాలిక్ హోస్ పగిలితే బండి సెల్లార్ మధ్యలో ఆగుతుంది, దాన్ని లాగడానికి అక్కడికి ఇంకే యంత్రమూ దిగలేదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో వచ్చిన మార్పులు

బండి గురించి ఎవరు అడిగినా ముందు స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడుగుతున్నాను. దారిలో ఎక్కడెక్కడ స్లాబ్ కింద ఖాళీ ఉందో రంగు పెన్సిల్‌తో గీసి, ఆ పట్టీల డిజైన్ లోడ్ రాసుకున్నాకే బ్రోచర్ తెరుస్తాను. తర్వాత అతి ఇరుకు చోటు, అతి తక్కువ ఎత్తు. మెటీరియల్‌ను ఘనపు మీటర్లలో కాక కిలోల్లో, అది కూడా తడిగా ఉన్నప్పటి కిలోల్లో రాయమంటున్నాను. టైర్లు, కౌంటర్‌వెయిట్, అటాచ్‌మెంట్ మార్చాలన్నప్పుడల్లా మొత్తం బరువు మళ్లీ కూడమంటున్నాను. బ్రోచర్‌లోని బరువు, సైట్‌లో నిలబడిన బండి బరువు ఒకటి కావు. అందుకే వేబ్రిడ్జి చీటీ తెప్పించుకుంటున్నాను.

ఈ సైట్‌లో చివరగా పోడియం మీద తోటకు మట్టి పొయ్యాల్సి వచ్చింది. సొంత బండి ఉంది కదా, దాంతోనే కానిద్దామని కాంట్రాక్టర్ అడిగారు. తోట భాగం స్లాబ్ మట్టి బరువుకు డిజైన్ చేసిందే కానీ, చక్రాల బరువుకు కాదని ఇంజినీర్ వద్దన్నారు. పోడియం చుట్టూ ఫైర్ ఇంజిన్ తిరిగే దారి ఉంది. ఎత్తైన భవనాలకు నేషనల్ బిల్డింగ్ కోడ్ ఆ దారి 45 టన్నుల దాకా మోయాలంటుంది, ఇక్కడా అలాగే డిజైన్ చేశారు. బండి ఆ దారి మీదే నిండు బకెట్‌తో తిరిగింది. దారి అంచున మట్టి పోస్తే, అక్కడి నుంచి తోట లోపలికి మాలీలు చక్రాల బండ్లతో తోసుకెళ్లి పరిచారు.